తెల్లరంగు వేసిన వీధి

హేమమాలినికి నీళ్ళంటే భయం. ఆ భయాన్నే చదువుగా చదివి, ఉద్యోగంగా చేసుకున్న మనిషి ఆవిడ. పుట్టి పెరిగింది విజయవాడలో, బుడమేరు పక్కన సింగ్‌నగర్‌లో. గట్టి వాన పట్టిందంటే మంచం కోళ్ళ కింద ఇటుకలు చేరేవి, మంచం మీదికి బియ్యం డబ్బా ఎక్కేది, డబ్బా పక్కన హేమ ఎక్కేది. వాళ్ళమ్మ చాముండేశ్వరి అద్దె ఇల్లు చూడటానికి వెళ్తే వంటగది చూసేది కాదు, గాలీ వెలుతురూ చూసేది కాదు. తిన్నగా వెళ్ళి గోడ కింది భాగం చేత్తో తడిమి, నీళ్ళ చార ఉందేమోనని వెతికేది. తర్వాత పక్కింటి గుమ్మంలో నిలబడి, "వానొస్తే ఇక్కడ ఎందాకా వస్తాయమ్మా నీళ్ళు?" అని అడిగేది. ఆ జవాబు విన్నాకే ఇంటాయనతో మాట కలిపేది. అంతటి జాగ్రత్త గల తల్లికి పుట్టిన కూతురు ఐర్లాండ్‌లో, నేవన్ ఊళ్ళో, వంటగది బల్ల ముందు కూర్చుని చేసిన పొరపాటు గురించే ఇప్పుడు చెప్పబోయేదంతా.

హేమ పనిచేసేది డబ్లిన్‌లోని ఒక కన్సల్టెన్సీలో. ఎంత వాన పడితే నీళ్ళు ఎటు పోతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టి మ్యాపు గీయడం ఆవిడ పని. మునిగే చోటికి నీలం రంగు, మునగని చోటికి తెలుపు. ఐర్లాండ్ ఊళ్ళకు గీసి గీసి చేయి తిరిగాక కంపెనీ వాళ్ళు జకార్తా పని అప్పజెప్పారు. ఆ నగరం సంగతి చదువుతున్నకొద్దీ హేమకు ఒళ్ళు జలదరించేది. జనం ఏటికేడు వచ్చిపడుతున్నారు. వాళ్ళకు తాగడానికి నీళ్ళు చాలక బోర్లు వేసి తోడుతుంటే కాళ్ళ కింద నేలే కుంగిపోతోంది. ఒకప్పటి మడుగుల మీద అపార్టుమెంట్లు లేచాయి. కొత్త టౌన్‌షిప్ వాళ్ళు లారీల కొద్దీ మట్టి పోసి తమ నేల ఎత్తు చేసుకుంటే, అక్కడ నిలవాల్సిన నీళ్ళు పక్కనున్న పాత వాడల్లోకి దిగుతాయి. "మా సింగ్‌నగర్‌కి పెద్దక్క అండీ ఆ ఊరు" అనేది మొగుడితో.

వెళ్ళి కళ్ళారా చూసి రావాలని టికెట్ కూడా తీశారు. ఇంతలో కరోనా వచ్చింది. విమానాలు ఆగాయి, అక్కడ వీధివీధీ తిరిగి నేల ఎత్తు కొలవాల్సిన సర్వే మనుషులూ ఆగిపోయారు. మ్యాపు మాత్రం ఆగడానికి వీల్లేదు, పంపులు ఎక్కడ పెట్టాలో దాన్ని చూసే తేల్చుకోవాలి. కాబట్టి ఉపగ్రహం పైనుంచి కొలిచిన ఎత్తులతోనే గీశారు. నేల మీద తర్వాత సరిచూద్దాం అనుకున్నారు. ఆ 'తర్వాత' ఏడాది కావస్తున్నా రాలేదు.

జకార్తా ఆఫీసులో హేమకు తోడుగా పనిచేసే అమ్మాయి పేరు వులన్. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. మా భాషలో పెద్దదాన్ని అక్క అంటారని హేమ ఒకసారి చెప్పిన దగ్గర్నుంచీ ఆ అమ్మాయి "అక్కా" అనడం మొదలుపెట్టింది. తల్లి లేదు, ముసలి తండ్రి ఉన్నాడు. కరోనా తగిలి, బతికి బయటపడ్డాడు గాని ఊపిరి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకుని మంచం మీద ఉన్నాడు. ఆస్పత్రికి దగ్గరగా ఇల్లు మారదామని వులన్ ఒక వాడలో ఇల్లు చూసింది. చూడటమంటే ఫోన్‌లోనే, ఇంటాయన వీడియో తీసి పంపాడు. బయట మనిషిని మనిషి తాకని రోజులు, ఎవరింటి తలుపు తట్టి ఏం అడుగుతారు?

"అక్కా, ఈ వీధి మన మ్యాపులో తెల్లగానే ఉంది. తీసుకోనా?" అని అడిగింది.

హేమ మ్యాపు పెద్దది చేసి చూసింది. పాలలా తెల్లగా ఉంది. "కళ్ళు మూసుకుని తీసుకో" అంది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు. కొత్తింట్లో పాలు పొంగించాలని చెప్పి, వీడియో కాల్‌లో దగ్గరుండి ఆ పిల్ల చేత పొయ్యి వెలిగించి గిన్నె పెట్టించింది. పాలు పొంగుతుంటే ఇక్కడ నేవన్‌లో తను చప్పట్లు కొట్టింది. మంచం మీది ముసలాయనకు ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, మూతి మీది గొట్టంలోంచే నవ్వాడు. ఆ రోజు నుంచీ ఆయన తన భాషలో హేమకు పెట్టుకున్న పేరు 'పాలక్కయ్య'.

ఆ తర్వాతి ఫిబ్రవరి. ఐర్లాండ్‌లో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటితే గార్డ్స్, అంటే అక్కడి పోలీసులు, ఆపి వెనక్కి పంపే రోజులు. హేమ భర్త రంగనాథ్ ఆస్పత్రిలో డాక్టరు. ముందురోజు దగ్గుతో ఇంటికొచ్చి, టెస్టుకిచ్చి, పైన గదిలో తలుపేసుకున్నాడు. కూతురు లోహితకు బడి లేదు, హాల్లో ట్యాబు ముందు కూర్చుంది. పైన దగ్గు వినిపించినప్పుడల్లా కింద ఇద్దరూ తల పైకెత్తి సీలింగు చూసేవారు.

ఆ పొద్దున వులన్ వీడియో కాల్ చేసింది. అక్కడ సాయంత్రం. ఆ అమ్మాయి నవ్వుతోంది.

"అక్కా, మా వీధికి చుట్టాలొచ్చారు. చూడు!" అని ఫోను తిప్పింది. వీధిలో టీరంగు నీళ్ళు, గుమ్మం మెట్టు తడుపుతున్నాయి. "మనది మిట్ట కదా, ఇవి డ్రెయిను పొంగిన నీళ్ళే అయ్యుంటాయి. వాన తగ్గితే పోతాయి కదక్కా?"

పోతాయిలే అనడానికి హేమ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడు వులన్ ఫోను తండ్రి వైపు తిప్పింది. ఆయన చెయ్యెత్తి ఊపాడు. ఆయన వెనక గోడ మీద కొత్త సున్నం చెమ్మకు ఉబ్బి పెచ్చులుగా రాలింది. రాలిన చోట గోధుమరంగు చార ఒకటి, కిటికీ అడుగుకు కాస్త పైగా, మంచానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది.

"వులన్, ఆ చారేంటి?"

"పాత ఇల్లు కదక్కా, చెమ్మ."

చెమ్మ గోడ మీద తనిష్టం వచ్చినట్టు పాకుతుంది. స్కేలు పెట్టి గీత గీయదు. అమ్మ చేత్తో తడిమి వెతికే చార అది. చిన్నప్పుడు పలక మీద అక్షరాల కంటే ముందు తను గుర్తుపట్టడం నేర్చుకున్న గీత. నీళ్ళు అంత ఎత్తున, రోజుల తరబడి నిలిస్తే తప్ప అది పడదు.

"ఒక్క నిమిషం, మళ్ళీ చేస్తాను" అని కాల్ పెట్టేసి మ్యాపు తెరిచింది. రంగులు తీసేసి, కింద ఉన్న అసలు ఎత్తులు చూసింది. వులన్ ఉండే వాడంతా చుట్టుపక్కల నేల కంటే ఒక ఇల్లంత ఎత్తున లేచి ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని మిట్ట అనుకుంది. ఇప్పుడు అంచులు చూసింది. ఏ మిట్టకైనా అంచులు వంకరటింకరగా దిగుతాయి. దీని అంచులు వీధుల వెంబడి నిక్కచ్చిగా, కత్తితో కోసినట్టు నిలువునా దిగాయి. అది నేల కాదు, ఇళ్ళ పైకప్పులు.

జరిగిందేమిటంటే, ఉపగ్రహానికి పైనుంచి కనిపించేది కప్పులే. ఇళ్ళ మధ్య కనిపించే నేలను పట్టుకుని, ఇళ్ళను లేపేసి, ఆ నేలనే అంతటా పరిచే ప్రోగ్రాం ఒకటి ఉంది. దాన్ని తీర్చిదిద్దింది హేమే. ఎక్కడ తీర్చింది? నేవన్‌లో. తనుండే ఇళ్ళ ఎస్టేట్ లాంటి చోట, ప్రతి ఇంటికీ ముందొక పచ్చిక, వెనకొక పచ్చిక ఉన్నచోట. జకార్తాలోని ఆ వాడలో రేకుకు రేకు ఒరుసుకుని, సందు మీద కూడా టార్పాలిన్ కప్పి ఉంటుంది. ఆకాశానికి అక్కడ చారెడు నేల కూడా కనిపించదు. నేల దొరక్క ప్రోగ్రాం కాస్త పొట్టి కప్పులను పట్టుకుని ఇదే నేల అనుకుంది. అలా వాడ వాడంతా తన నెత్తి మీద తనే నిలబడి, తెల్లరంగు పూసుకుంది. నిజానికది గిన్నె అడుగు. కాలవ గట్టు దాటిందంటే నీళ్ళు చేరేది అక్కడికే.

హేమ ఫోను చేతిలోకి తీసుకుంది. అంత తొందరలోనూ అలవాటు మాత్రం పోలేదు. కంపెనీ నుంచి ఏ అంకె బయటికి వెళ్ళాలన్నా పైవాడు ఒకసారి చూడాలి, అది అక్కడి పద్ధతి. మేనేజరు ఫెర్గల్‌కి ఫోన్ చేసింది. అతను మంచివాడే. అంతా విన్నాడు.

"సరిచూసేదాకా బయటి వాళ్ళకు ఏమీ చెప్పకు హేమా. నేను ఇప్పుడే కూర్చుంటాను. వి విల్ బి గ్రాండ్" అన్నాడు.

గ్రాండ్ అంటే అంతా బాగానే ఉందని అర్థం; ఆ దేశంలో ఇల్లు కాలుతున్నా గ్రాండే. హేమ ఫోను పెట్టేసింది. ఇన్నాళ్ళ ఉద్యోగం, దాని మీద ఆధారపడ్డ వర్క్ పర్మిట్ ఒక్కసారి కళ్ళముందు కదిలాయి. ఆ ఆలోచన వచ్చినందుకే తన మీద తనకు అసహ్యం వేసింది. వులన్‌కి ఫోన్ చేసింది. కలవలేదు. మళ్ళీ చేసింది, కలవలేదు. ఫెర్గల్‌కి చేసే బదులు ముందు ఆ పిల్లకే చేసి ఉంటే! కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడింది. హాల్లోంచి లోహిత, "మామ్, ఆర్ యు ఓకే?" అంది.

"ఏం లేదురా, నువ్వు చదువుకో" అంది హేమ.

ఎట్టకేలకు వులన్ ఎత్తింది. ఈసారి ముఖం సరిగా కనిపించలేదు. ఇల్లంతా చీకటి.

"కరెంటు తీసేశారక్కా. నీళ్ళొస్తే షాక్ కొడుతుందని లైను మొత్తం ఆపేస్తారు. నాన్న మిషన్ ఆగిపోయింది. నీళ్ళు గదిలోకి వచ్చాయి. నాన్నని పైన అటక మీదికి ఎక్కించనా? ఎంతసేపు ఆగాలి? తగ్గుతాయి కదా?"

"వులన్, విను. నా మ్యాపు తప్పు. మీది మిట్ట కాదు, పల్లం. అటక మీదికి ఎక్కొద్దు. ఇప్పుడే ఇల్లు వదిలేసి బయటికి నడవండి."

అవతల నీళ్ళ చప్పుడు, ముసలాయన ఎగశ్వాస వినిపిస్తున్నాయి.

"అక్కా, నేనొక్కదాన్నే కాదు" అంది వులన్. ఆ గొంతు విన్నాకే హేమకు అసలు భయం మొదలైంది. "పొద్దున వాన పెరిగినప్పుడు వీధి వాళ్ళంతా శిబిరానికి వెళ్దామా వద్దా అని వాట్సాప్ గ్రూపులో అడుగుతుంటే, నేను మన మ్యాపు పెట్టాను. మన వీధి తెలుపు, కదలక్కర్లేదని రాశాను. ఎవరూ వెళ్ళలేదు."

శిబిరంలో గుంపుగా పడుకుంటే కరోనా అంటుకుంటుందని వాళ్ళకు ముందే హడలు. వెళ్ళక్కర్లేదనే మాట ఆఫీసు అమ్మాయి నోటి నుంచి వస్తే ఎవరికి చేదు? కాలవ ఈమధ్యే వెడల్పు చేశారు కదా, ఇంక రావులే అని వాళ్ళకు వాళ్ళే సర్దిచెప్పుకుని ఉంటారు. ఒక తెల్లరంగు పట్టుకుని వీధి వీధంతా పిల్లాజెల్లాతో కూర్చుంది.

"అందరికీ చెప్పు. అరిచి చెప్పు. అందర్నీ బయటికి లాక్కురా!"

"ఎటు తీసుకెళ్ళనక్కా?"

తప్పని తేలిన మ్యాపులో ఇప్పుడు దేన్ని నమ్మాలి? హేమ స్క్రీన్ జరిపింది. కప్పులున్న చోటల్లా అబద్ధం. కప్పు లేని చోట, నేల ఆకాశానికి కనిపించే చోట మాత్రమే నిజం ఉండాలి. మార్కెట్ వెనక రైలు కట్ట కనిపించింది. కంకర, పట్టాలు, మీద ఏ రేకూ లేదు. చుట్టూ ఉన్న రోడ్ల కంటే బాగా ఎత్తు.

"రైలు కట్ట మీదికి. మార్కెట్ వెనక నుంచి. ఒక్క నిమిషం లైన్లో ఉండు" అని పైనున్న భర్తని అదే కాల్‌లోకి కలిపింది. "ఏవండీ, వులన్ వాళ్ళ నాన్న. ఆక్సిజన్ మిషన్ ఆగిపోయింది. నీళ్ళలో తీసుకెళ్ళాలి. ఏం చెయ్యాలో చెప్పండి, తొందరగా."

రంగనాథ్ గొంతు ఫోనులోంచీ వచ్చింది, సీలింగులోంచీ వచ్చింది. "ఆయన్ని నడిపించొద్దమ్మా. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోయండి. పడుకోబెట్టొద్దు, ముందుకు వంచి కూర్చోబెట్టండి. మూతి సన్నగా చేసి మెల్లిగా ఊదమని చెప్పు. మాట్లాడనియ్యొద్దు." మధ్యలో తనకే దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక, "భయపడకు. ఇప్పుడే బయల్దేరు" అన్నాడు.

వులన్ ఇల్లిల్లూ తిరుగుతూ అరుస్తున్న అరుపులు వినపడ్డాయి. ఆ భాష హేమకు రాదు, కానీ అర్థం కాకపోవడానికి అందులో ఏముంది? తలుపులు బాదుతున్న చప్పుడు, ఎవరిదో చంటిపిల్ల ఏడుపు, ఏదో నీళ్ళలో పడ్డ శబ్దం. ఆ తర్వాత కాల్ తెగిపోయింది.

ఇక ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్.

హేమ అమ్మమ్మ నేర్పిన స్తోత్రం చదవబోతే మధ్యలో పదాలు మర్చిపోయింది. లోహితకు పాలు కాచి ఇద్దామని స్టవ్ మీద పెట్టి, కిటికీలోంచి ఎస్టేట్ పచ్చికను చూస్తూ నిలబడిపోయింది. ఇంటింటికీ ముందొకటి, వెనకొకటి. పాలు పొంగి స్టవ్ మీదికి కారాయి. ఆ వాసనకు ఉలిక్కిపడి, ఆపి, అక్కడే వంటగది నేల మీద చతికిలబడి ఏడ్చేసింది. లోహిత వచ్చి పక్కన కూర్చుంది. తల్లి ఏడుపు ఎప్పుడూ చూడని పిల్ల, "ఈజ్ ఇట్ డాడ్?" అని అడిగి తనూ బిక్కముఖం పెట్టింది. కాదురా, నాన్న బాగానే ఉన్నారు అని హేమ చెప్పేలోపే పైనుంచి రంగనాథే తలుపు వెనకనుంచి గట్టిగా కేకేశాడు.

"లోహీ, ఐయామ్ గ్రాండ్! అమ్మకి మంచినీళ్ళివ్వు!"

ఫెర్గల్ ఫోన్ చేశాడు. అతని గొంతు మారిపోయింది. నువ్వు చెప్పింది నిజమే, ఆ వాడ ఒక్కటే కాదు, కిక్కిరిసిన వాడలన్నీ అలాగే తెల్లబడ్డాయి, జకార్తా అధికారులకు ఇప్పుడే చెబుతున్నాను అన్నాడు. నేను వులన్‌కి అప్పుడే చెప్పేశాను అంది హేమ. మంచి పని చేశావు అన్నాడతను, నెమ్మదిగా. హేమకు ఆ మెప్పు చెవికెక్కలేదు. ఆవిడకు వినపడాల్సింది ఒక ముసలాయన ఊపిరి.

మధ్యాహ్నం తిరిగాక తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

"అక్కా." వులన్ గొంతే. "నా ఫోను నీళ్ళలో పడిపోయింది. ఇది వేరేవాళ్ళది. కట్ట మీద ఉన్నాం."

"నాన్న?"

"ఉన్నారు. కుర్చీలో ఉన్నారు. డాక్టర్‌గారు చెప్పినట్టే ఊదుతున్నారు. పెదాలు నల్లబడ్డాయి. అంబులెన్స్ బోటు వస్తోందన్నారు."

"వీధి వాళ్ళు?"

"అందరూ వచ్చారు. లెక్క చూసుకున్నారు. టార్చి లైటు వేసి వెనక్కి చూస్తే మా ఇంటి కిటికీ కనపడటం లేదక్కా."

హేమ గోడకు చేరబడింది. కిటికీ అంటే చార. చార దాటిందన్నమాట.

"అక్కా, ఇక్కడందరూ అడుగుతున్నారు" అంది వులన్. "నీళ్ళు కట్ట సగం దాకా వచ్చాయి. ఇక్కడే ఉండొచ్చా, ఫ్లైఓవర్ దాకా నడవాలా? నాన్నని మళ్ళీ కదిపితే తట్టుకోలేరు. పాలక్కయ్యని అడుగు అంటున్నారు నాన్న. నువ్వేమంటే అది."

ఇంత జరిగాక కూడా తననే అడుగుతున్నారు. మ్యాపు ప్రకారం కట్ట మీదికి నీళ్ళు రాకూడదు. కాని ఆ ఎత్తులు రెండేళ్ళ కిందటివి, ఈలోపు అక్కడ నేల ఎంత కుంగిందో ఎవరికి తెలుసు? ఉండండి అంటే ఉంటారు. కదలండి అంటే ఆ ముసలాయన దారిలో పోతాడు. స్క్రీన్ మీది అంకెలు కళ్ళకు ఆనలేదు. పచ్చిక చూసి గీసిన బొమ్మను పట్టుకుని మళ్ళీ ఇంకో మాట ఇవ్వాలా?

అప్పుడు ఆవిడ నోటికి తనది కాని ప్రశ్న ఒకటి వచ్చింది. సింగ్‌నగర్‌లో పరాయి గుమ్మాల ముందు చాముండేశ్వరి అడిగే ప్రశ్న.

"వులన్, అక్కడ ఆ చుట్టుపక్కల చాలా ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళు ఎవరున్నారో వెతుకు. వానొస్తే ఈ కట్ట మీద ఎందాకా వస్తాయి నీళ్ళు అని అడుగు. ఒక్కళ్ళని కాదు, ఇద్దరు ముగ్గుర్ని అడుగు. నేను లైన్లోనే ఉంటాను."

వులన్ వెళ్ళింది. ఎవరెవరివో గొంతులు వినపడ్డాయి. పైన గదిలో దగ్గు ఆగి, రంగనాథ్ తలుపు వారగా తీసి వింటున్నట్టుంది. లోహిత తల్లి చెయ్యి పట్టుకుంది.

వులన్ తిరిగి వచ్చింది. "కట్ట పక్కన కొట్లు పెట్టుకునేవాళ్ళు ముగ్గురున్నారక్కా. పోయినేడు పెద్ద వరదకు కూడా కంకర దాకా వచ్చి ఆగాయట. పట్టాలు ఎప్పుడూ తడవలేదట. ముగ్గురూ అదే చెప్పారు."

"అయితే అక్కడే ఉండండి. నాన్నని కదపొద్దు. ఒక మనిషిని నీళ్ళ దగ్గర కాపలా పెట్టండి. కంకర తడిస్తే చెప్పమనండి. నేను ఫోను పెట్టను."

"సరే అక్కా." గాలి హోరులో ఆ పిల్ల ఏడుస్తోందో, చలికి వణుకుతోందో తెలియలేదు. తర్వాత మెల్లిగా, ఏ నిష్ఠూరమూ లేకుండా, ఊరికే గుర్తొచ్చినట్టు అంది.

"ఇల్లు తీసుకునేటప్పుడు కూడా ఇలాగే పక్కింటి వాళ్ళని అడుగుదామనుకున్నానక్కా. నువ్వు చెప్పాక ఇంకెవర్నీ అడగాలనిపించలేదు."